బాయి తరఫున ఒక ఓటు

డెబ్బైల మొదట్లో, దసరా సెలవుల్లో, వరంగల్లో బడిపంతులుగా ఉన్న నేను గోదావరిఖని బయలుదేరాను. అక్కను చూసి చాలా రోజులైంది. పైగా బావ యాదగిరి డెలిగేటుగా నిలబడ్డాడని తెలిసింది. కార్మిక సంఘానికి అధ్యక్షుణ్ణి ఎన్నుకునే మహాసభ ఆ వారమే మందమర్రిలో.

కాజీపేటలో పొద్దున్నే ప్యాసింజరు ఎక్కాను. జమ్మికుంట దాటాక ఎదుటి సీటులోని ఖాజా అనే ఫిట్టరు మాట కలిపాడు. బావ పనిచేసే బాయిలోనే, అంటే ఆ బొగ్గు గనిలోనే, ఆయనకూ డ్యూటీ.

“ప్రెసిడెంటుకు మేం సీదా ఓటెయ్యం సార్,” అన్నాడు. “ముందుగాల మా బాయి ఎవరి దిక్కో తేల్చుకుంటం. తర్వాత మా మనిషిని సభకు పంపుతం. మేం చెప్పిన పేరే ఆయన అక్కడ చెప్పాలె.”

“చెప్పకపోతే?”

“మల్ల బాయిల ముఖమెట్ల చూపెడ్తడు?” అని నవ్వి, పెద్దపల్లిలో నాకు చాయ్ ఇప్పించాడు.

రామగుండంలో దిగేసరికి ఎండ ముదిరింది. బస్సులో నిలబడే గోదావరిఖని చేరాను. క్వార్టరులో అక్క అన్నం, పచ్చిపులుసు వడ్డించింది. బావ కంచం ముందు కూర్చున్నాడే గాని తినడం లేదు.

సంగతి అక్కే చెప్పింది. పోటీలో ఇద్దరు. ఒకరు ఏళ్ల తరబడి అధ్యక్షుడిగా ఉన్న పెద్దాయన. రెండోవాడు ఇంకా బాయిలో దిగి పనిచేస్తున్న యువకుడు. ఒకప్పుడు పై అధికారితో గొడవపడితే బావను పనిలోంచి తీసేశారు. పెద్దాయన ఆఫీసు మెట్ల మీద బైఠాయించి మళ్లీ డ్యూటీకి ఎక్కించాడు.

“ఆయన లేకుంటే మేం ఊరికి వోయి కూలి చేసుకునేటోళ్లం,” అంది అక్క.

మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ గేటు మీటింగు. బావ వెంట నేనూ వెళ్లాను. పైకొచ్చినవాళ్లు బొగ్గు మొహాలతోనే, దిగబోయేవాళ్లు నెత్తిన టోపీలతో షెడ్డు ముందు గుమిగూడారు. పెద్దాయన పేరు పిలిచినప్పుడు కొన్ని చేతులే లేచాయి. వాటిలో బావది ఒకటి. యువకుడి పేరు పిలిస్తే ఎటు చూసినా చేతులే.

“పెద్దాయన మంచోడే,” అన్నాడు నా పక్కకొచ్చిన ఖాజా. “బాయి లోపల గాలాడక మనుషులు పడిపోతుంటే గేటు దాక వచ్చి మర్లిపోయిండు. దిగి చూడలే.”

ఇక ఎవరిని పంపాలన్న మాట వచ్చింది. బావ పని అయిపోయిందనుకున్నాను. కాని ఖాజాయే అతని పేరు చెప్పాడు.

“నేను అటు చెయ్యెత్తిన. నన్నెట్ల పంపుతరు?” అన్నాడు బావ.

“గందుకే పంపుతున్నం అన్నా. నీ చెయ్యి దాచుకోలేదు. మా మాట గూడ దాచవు.”

బావ కాదన్నా ఎవరూ తప్పుపట్టేవారు కారు. అయినా తలూపాడు.

మర్నాడు రామగుండంలో రైలెక్కాం. గోదావరి వంతెన మీద నేనుండబట్టలేక అన్నాను: “పానం బాగలేదని చెప్పు బావా. ఇంకొకరు పోతరు.”

“పానం బాగనే ఉన్నది గద,” అన్నాడు.

మందమర్రిలో బజారు పక్కన షామియానా వేశారు. వాకిట్లోనే పెద్దాయన ఎదురై బావ భుజం మీద చెయ్యి వేశాడు. “యాదగిరీ, నువ్వొచ్చినవు. ఇగ నాకు ఫికర్ లేదు.”

“కాకా, మా బాయి అటు దిక్కు చెప్పింది.”

“బాయి సంగతి కాదు. నీ సంగతి అడుగుతున్న.”

బావ లోపలికి వెళ్లి కూర్చున్నాడు. ఒక్కో బాయినీ పిలుస్తుంటే దాని మనిషి లేచి పేరు చెబుతున్నాడు. మా వంతు వచ్చింది. బావ లేచాడు. “మా బాయి మాట...” అని ఆగి, యువకుడి పేరు చెప్పి కూర్చున్నాడు.

యువకుడే గెలిచాడు. దండల సందడిలో బావ జనాన్ని తోసుకుంటూ పెద్దాయన దగ్గరికి వెళ్లాడు. ఆయన చెప్పులు తొడుక్కుని, అతన్ని చూసి కూడా చూడనట్టే పక్కనుంచి వెళ్లిపోయాడు.

“కాళ్లు మొక్కుదామనుకున్న,” అన్నాడు బావ తిరుగు రైల్లో. “వంగేలోపే పోయిండు.”

“నీ ఇష్టానికి వదిలేస్తే ఎవరికేద్దువు?”

“ఆయనకే. ఇప్పటికీ ఆయనకే.”

రామగుండంలో ఇద్దరం దిగాం. ఆ బండి అక్కడిదాకే కావడంతో నేను కాజీపేట బండి కోసం ఆగాను, బావ నాకు తోడున్నాడు. గోదావరిఖని చూడబోయేవారికి నేను చెప్పగలిగిందల్లా ఇంతే: బొగ్గుకుప్పలు చూడడంతో పాటు షిఫ్టు మారే వేళ గేటు దగ్గర కాసేపు నిలబడండి. ఒక మనిషి మీద పదిమంది ఎంత బరువు పెడతారో, ఆ మనిషి దాన్నెలా మోస్తాడో అక్కడ చూశాను. ఎన్నికలంటే నాకు అంతకుముందు కాగితాల మీది వ్యవహారమే.

బండి కదులుతుంటే అడిగాను, “పెద్దాయన సంగతేం చేస్తవ్ బావా?”

“ఐతారం సెలవు గద, ఇంటికి పోత.”

“తలుపు తియ్యకపోతే?”

“మల్ల ఐతారం పోత,” అన్నాడు, బండితో పాటు నడుస్తూ.