ముందు గదిలో రాజధాని

ప్రత్యేక తెలంగాణ కోసం సమ్మె మొదలైన కొద్ది రోజులకే మా హాస్టల్ ఖాళీ అయిపోయింది. ఎంసెట్ కోచింగ్ కోసం దిల్‌సుఖ్‌నగర్ వచ్చిన ఆడపిల్లలందరినీ అమ్మానాన్నలు ఏ లారీలోనో, ఏ జీపులోనో ఎక్కించుకుని తీసుకుపోయారు. మాది తెనాలి దగ్గర పల్లె. రైళ్ళు ఆగిపోయాయి, బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు. "రేపో మాపో వస్తాను, నువ్వు మాత్రం గది దాటకు" అని నాన్న ఫోన్లో అంటూనే ఉన్నాడు. వంటమనిషి కూడా రావడం మానేశాక, సరూర్‌నగర్ చెరువు వైపున్న ఆ ఇంటి పై అంతస్తుల్లో నేనొక్కదాన్నే మిగిలాను. కింద ఇంటివాళ్ళుండేవారు. పోచంపల్లి నుంచి వచ్చిన చేనేత కుటుంబం. ఇంటాయనకు చీరల కొట్టుంది. అంతకు మించి వాళ్ళ గురించి నాకేమీ తెలియదు.

ఒక పొద్దున ఇంటావిడ మెట్లెక్కి వచ్చింది.

"ఒక్కదానివి ఏం తింటున్నవ్ బిడ్డా? బిస్కెట్లేనా? నడు, కిందికి నడు. బట్టలు గూడ తెచ్చుకో."

వెళ్ళాలంటే భయమేసింది. మన యాస వినబడితే చాలు కొడతారట అని హాస్టల్లో చెప్పుకున్న మాటలు చెవుల్లో ఉన్నాయి. కానీ ఆవిడ అప్పటికే నా బ్యాగు చంకన పెట్టుకుని దిగిపోతోంది. వెనకాలే దిగి, ముందు గది తలుపు తోసి, లోపల అడుగు పెట్టబోయాను.

"ఏయ్, ఆగాగు! కాలు నది మీద పెడ్తున్నవ్!"

కాలు గాల్లోనే ఆగిపోయింది. గదిలో గచ్చు లేదు. గచ్చు ఉండాల్సిన చోటంతా ఊరు. గోడ నుంచి గోడ దాకా వీధులు, గుట్టలు, బురుజులు, వంతెనలు. వాటి నడుమ నీలం రంగు పూసిన నది ఒకటి వంకర తిరుగుతూ గుమ్మం దాకా వచ్చింది. నా బొటనవేలు దాని ఒడ్డునుంది. కిటికీ దగ్గర బోర్లా పడుకుని, ముక్కుకి ఫెవికాల్ అంటించుకుని, ఇంటివాళ్ళ అమ్మాయి నన్ను చూస్తోంది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. ఆర్కిటెక్చర్ ఆఖరి సంవత్సరమని తర్వాత తెలిసింది.

"ఏంటండీ ఇది?" అన్నాను. అంత భయంలోనూ గొంతు దానంతటదే బయటికొచ్చేసింది.

"రాజధాని" అంది, ఉప్మా అన్నంత మామూలుగా. "చెప్పులు ఇడిచినవా? అయితే రా, చూపిస్త. గీ గోడ పక్కకెళ్ళి రా."

అది ఎక్కడా లేని దేశపు రాజధాని. చదువు అయ్యేముందు కాలేజీలో ఒక పెద్ద పని చేసి చూపించాలట. తోటివాళ్ళంతా ఆసుపత్రులూ షాపింగ్ మాల్సూ చేస్తుంటే, అక్క ఒక దేశాన్ని ఊహించి దానికి రాజధాని కడుతోంది. ఆ ఊరికి రోడ్డు లేదు. పైనుంచి రావాలి. బస్సంత పక్షుల మీద జనం వచ్చి, తూర్పున ఒక మైదానంలో దిగుతారు. "నాదర్‌గుల్‌ల చిన్న విమానాలు దిగుతయి సూడు, గట్ల. చిన్నప్పుడు మా మామ బండి మీద తీస్కపోయి చూపించేటోడు" అంది. కాకపోతే ఆ పక్షుల స్టాండు అచ్చం దిల్‌సుఖ్‌నగర్ బస్టాండులాగే ఉంటుంది. రెక్కల మీద నిలబడి కండక్టర్లు కేకలేస్తుంటారు. అక్కణ్ణించి అద్దకం వీధి. అక్కడి ఇళ్ళ కప్పులు రంగు తొట్లే. వానొస్తే ఒక్కో వీధి ఒక్కో రంగు నీళ్ళతో పారుతుంది. మనుషులకు బదులు మగ్గం కండెలు నిలబెట్టింది, ఒక్కోదానికి ఒక్కో రంగు నూలు చుట్టి.

"కుర్చీ ఎక్కి చూడు" అంది.

కుర్చీ ఎక్కి చూసి నోరు తెరిచాను. దగ్గర నుంచి చూస్తే గజిబిజిగా ఉన్న వీధులన్నీ పైనుంచి ఒక పోచంపల్లి చీర. అంచులు మసకబారిన ఆ గళ్ళు, ఆ చిలకలు. పక్షి మీద వచ్చేవాళ్ళకు మొదట కనబడేది అదేనంది అక్క.

"పేరేంటి అక్కా ఈ ఊరికి?"

"పెట్టలే. పేరు పెడితే ఎవరిదో ఒకరిది అయితది."

ఆ తర్వాత ఎన్ని రోజులు గడిచాయో నాకు లెక్క లేదు. పుస్తకాలు పై గదిలోనే ఉండిపోయాయి. బయట బంద్‌లు, ర్యాలీలు. దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి డప్పుల మోత వినబడుతూ ఉండేది. లోపల నేను అట్టముక్కలు కోసి వంతెనలు కట్టేదాన్ని. నది నుంచి కాలువలు నువ్వే తియ్యమని అక్క నాకు వదిలేస్తే, మా ఊరి చుట్టూ ఎలా పారతాయో అలాగే తీశాను. ఇంటావిడ మమ్మల్ని గుమ్మం అవతల కూర్చోబెట్టి జొన్నరొట్టెలు పెట్టేది. అక్కకు మేనమామ ఒకాయన ఉండేవాడు. గడ్డిఅన్నారం మార్కెట్‌కు ట్రాలీ ఆటోలో బత్తాయిలు తోలేవాడు. మార్కెట్ మూసి ఉండటంతో రోజూ వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడేవాడు.

"ఇంత పెద్ద పిల్లవై బొమ్మలతోని ఆడుతున్నవ్. నీ చదువుకో దండం" అని అక్కని ఆటపట్టించేవాడు. నా వైపు తిరిగి, "నువ్వన్న చెప్పు తెనాలి పిల్లా, ఆ ఊర్ల బత్తాయి మార్కెట్ లేదేంది?" అనేవాడు. మర్నాడు ఆయన కోసం ఒక మార్కెట్ కట్టాం.

అక్కది ప్రైవేటు కాలేజీ, ఎల్.బి.నగర్ దాటాక సాగర్ రోడ్డులో ఉంటుంది. సమ్మె అయినా సరే గేట్లు మూసుకుని లోపల పరీక్ష పెడతామని కబురొచ్చింది. రాజధానిని మూడు ముక్కలుగా విడదీసి ప్లైవుడ్ పలకల మీదకు ఎక్కించాం. మామ ట్రాలీలో పెట్టి పాత దుప్పట్లు కప్పాం. పట్టుకోవడానికి మనిషి కావాలి కాబట్టి నేనూ ఎక్కాను. అక్క వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి, "నువ్వు నోరు తెరవకు బిడ్డా, జర. ఎవలన్న ఏమన్న అడిగితే అక్క మాట్లాడ్తది" అని చెప్పింది.

ఎల్.బి.నగర్ చౌరస్తా చూసి నేను నిర్ఘాంతపోయాను. బస్సులతో, లారీలతో ఎప్పుడూ ఊపిరాడని ఆ రోడ్డు మీద ఒక్క బండి లేదు. నడిరోడ్డు మీద వరసగా రాళ్ళ పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గిన్నెలు. వంటావార్పు అని పేపర్లో చదివాను గానీ, అంత మంది ఆడవాళ్ళు జాతీయ రహదారి మీద కూర్చుని వంకాయలు తరుగుతారని ఊహించలేదు. లాయర్లు నల్లకోట్లతో విస్తళ్ళు పరుస్తున్నారు. నలుగురు కుర్రాళ్ళు మా ట్రాలీకి అడ్డం వచ్చారు.

"బంద్ అని తెల్వదా? ఏంది లోపల?"

"మా అక్క బిడ్డ పరీక్ష సామాను తమ్మీ" అన్నాడు మామ.

ఒకడు దుప్పటి తీశాడు. "గిదేంది?"

"రాజధాని" అంది అక్క. అలవాటుకొద్దీ అనేసి నాలుక కరుచుకుంది.

"ఎవరి రాజధాని?"

"ఎవరిదీ కాదన్నా. ఊహల దేశం."

"ఊహల దేశమా! అబ్బో, ఆంధ్రోళ్ళు అప్పుడే కొత్త రాజధాని కట్టుకుంటున్రా ఏంది?" అని పక్కవాడు నవ్వి, పక్షుల స్టాండు బురుజు మీదకు చెయ్యి చాపాడు. దానికి పొద్దున్నే జిగురు పెట్టాను.

"అయ్యో, ముట్టుకోకండి! ఇంకా ఆరలేదండీ!"

అరిచింది నేనే. చుట్టూ నవ్వులాగిపోయాయి. ఆ 'అండీ' అలా గాల్లో వేలాడుతూ ఉండిపోయినట్టనిపించింది నాకు.

"నీదే ఊరు?"

అక్క ఏదో అనబోయింది. అబద్ధం చెప్పడానికి కూడా నాకు ఆ యాస రాదు. "తెనాలి దగ్గరండి" అన్నాను.

పొయ్యి దగ్గర్నుంచి ఒక పెద్దావిడ లేచి వచ్చింది, చేతిలో గరిటెతోనే. నన్ను కాదు, ముందు ఆ కుర్రాణ్ణి చూసింది. "ఆరలేదంటున్నది గదరా. చెయ్యి తియ్." తర్వాత నన్ను చూసింది. "ఇంత భయమెందుకే పిల్లా? మేం తింటమా నిన్ను? చెప్పు, నాకు గూడ చూపియ్ నీ రాజధాని."

అక్క నా వీపు మీద చెయ్యి వేసి, "నువ్వే చెప్పు" అంది.

చెప్పాను. పక్షుల దగ్గరికొచ్చేసరికి భయం మరిచిపోయాను. కండక్టర్ల కేకలు చెబితే నవ్వారు. రంగు నీళ్ళ వీధుల్లో బట్టలు ఉతికితే ఎట్లాగని ఆవిడ అడిగింది. చుట్టూ జనం పెరిగారు. పిల్లల్ని భుజాల మీదకెత్తి చూపిస్తున్నారు. రాజెక్కడుంటాడని ఎవరో అడిగితే రాజు లేడని చెప్పాను. కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకాయన, ఏదో కాలేజీలో లెక్చరరట, చాలాసేపు వంగి చూసి అడిగాడు.

"కాలువలన్నీ కిందికే ఉన్నయి గదమ్మా. గుట్ట మీదోళ్ళకు నీళ్ళెట్ల?"

ఆ కాలువలు తీసింది నేనే. పైన ఉండేవాళ్ళకి నీళ్ళెలా వెళతాయన్న ఆలోచన అన్ని రోజుల్లో ఒక్కసారి కూడా నాకు రాలేదు. మా ఊళ్ళో నీళ్ళు వాటంతటవే వచ్చేవి.

"గుట్ట మీదికి నీళ్ళు ఎక్కుతయి సార్. ఊహల దేశం గద" అంది అక్క.

"ఊహల దేశంలనే ఎక్కాలె మరి" అన్నాడాయన. అందరూ నవ్వారు. నవ్వి ఊరుకున్నారు.

ఆ పెద్దావిడ మమ్మల్ని కూర్చోబెట్టి విస్తళ్ళు వేసింది. పరీక్షకు ఆలస్యమవుతుందంటే వినలేదు. పప్పన్నం కలిపి నోట్లో పెట్టుకోబోతుండగా విజిల్ వినబడింది. తల ఎత్తేసరికి నాగోలు వైపు నుంచి పోలీసులు పరుగెత్తుకొస్తున్నారు. ఏదో టప్‌మని పేలింది. తెల్లటి పొగ. కళ్ళలో కారం కొట్టినట్టైంది. గిన్నెలు దొర్లిపోయాయి. అరుపులు, చెప్పులు, కాళ్ళు. ఎవరో నా జడ పట్టి లాగారు. ఆవిడే. ఒక సందులోకి ఈడ్చుకుపోయి, తడి కొంగు నా మొహం మీద అదిమిపెట్టింది. "రుద్దకు, రుద్దకు" అంటోంది. ఆవిడ కళ్ళల్లోంచీ ధారలు.

కొంగు తొలగించి చూశాను. ట్రాలీ మీంచి ఒక ముక్క రోడ్డున పడింది. తూర్పు ముక్క. బూట్ల కింద పక్షుల స్టాండు నలుగుతోంది. రంగు రంగుల కండెలు దొర్లుకుంటూ పప్పులోకి, పొయ్యి బూడిదలోకి పోతున్నాయి. నాకు ఏడుపు కూడా రాలేదు. అన్ని రోజుల పని అంత తొందరగా పోతుందా అని చూస్తూ ఉండిపోయాను.

"మామా!" అని అక్క కేక.

మిగిలిన రెండు ముక్కల మీద చేతులు రెండూ చాపి, బోర్లా వంగి ఉన్నాడు మామ. లాఠీలు ఆయన వీపు మీద పడుతున్నాయి. దిగమంటున్నారు, దిగడం లేదు. ఆ చప్పుడు, తడి బట్ట బండకేసి కొట్టినట్టు, ఇప్పటికీ ఎక్కడైనా బట్టలు ఉతుకుతుంటే నాకు వినబడుతుంది.

దవాఖానలో ఆయన్ని బోర్లా పడుకోబెట్టారు. అక్క పక్కన కూర్చుని ఏడుస్తూ తిట్టింది. "బొమ్మలంటివి గదా! ఎందుకు మామా?"

"ఏమో బిడ్డా. ఉరుకుదామనే అనుకున్న. కాళ్ళు రాలే."

అప్పుడే కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. పరీక్ష వాయిదా పడింది, గొడవల్లో మాస్టార్లే రాలేకపోయారని. అక్క ఫోన్ బ్యాగులో పడేసింది. నేను మా ఊరు వెళ్ళిపోయిన చాలా రోజులకు ఆ పరీక్ష జరిగిందనీ, రెండు ముక్కలే తీసుకెళ్ళాననీ, మూడోదేదని అడిగితే "రోడ్డు మీద పోయింది సార్" అన్నాననీ అక్క నాకు ఫోన్‌లో చెప్పింది. పాసైంది, అత్తెసరు మార్కులతో.

రైళ్ళు తిరగడం మొదలవగానే నాన్న వచ్చాడు. నేనెక్కడున్నానో, ఎక్కడికి వెళ్ళానో విని మొహం పాలిపోయింది. నన్ను కోప్పడబోయి, దవాఖాన నుంచి వచ్చి అక్కావాళ్ళింట్లో మంచం మీద బోర్లా పడుకున్న మామని చూసి ఆగాడు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"బాగా తగిలాయాండీ?"

"తగిలినయి."

"నాకూ పడ్డాయి, మొన్నామధ్య. మోకాలి మీద. మా సెంటర్లో రోడ్డు మీద బైఠాయిస్తేనూ."

"మీరెందుకు కూసున్నరు?"

నాన్న ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. "మీకివ్వొద్దని."

మామ దిండులో మొహం పెట్టి వణుకుతున్నాడు. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. వీపు నొప్పికి "అమ్మా" అంటూనే నవ్వుతున్నాడు. "మోకాలికి ఏం పూసిన్రు సార్? జర చెప్పున్రి" అన్నాడు. నాన్న చెప్పాడు. అక్క వాళ్ళమ్మ ఇద్దరికీ చాయ్ తెచ్చింది.

బయల్దేరే ముందు నాన్న ముందు గది గుమ్మంలో నిలబడి, మిగిలిన రెండు ముక్కల్నీ చాలాసేపు చూశాడు. రైలు బెజవాడ దగ్గర పడుతుండగా ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ ఊళ్ళో మనలాంటి వాళ్ళు వెళితే ఎక్కడుంటారే?"

"ఎక్కడన్నా ఉండొచ్చు నాన్నా. ఇల్లు కిరాయికి ఇస్తరు" అన్నాను.

నాన్న కిటికీ వైపు నుంచి మొహం తిప్పి నన్ను వింతగా చూశాడు. "కిరాయా?" అన్నాడు.