పోశన్న పెద్దబాపు పెట్టిన సంతకం

సెలవులకు అబుదాబిలోని ఇంటికి వచ్చాను. మొన్న ఆదివారం ఆరాధనకు వెళుతుంటే ముసఫ్ఫా సిగ్నల్ దగ్గర మా కారు పక్కన ఒక పికప్ ఆగింది. వెనుక పది పన్నెండు మేకలున్నాయి. అమ్మ అద్దం ఎక్కించమంది. నేను ఎక్కించలేదు. ఎండుగడ్డి, మేకల ఒంటి జిడ్డు, వేడెక్కిన ఇసుక కలిసిన ఆ వాసన లోపలికి వచ్చి మాతో పాటే కూర్చుంది. ఆ రోజు పాస్టరుగారు చెప్పిన వాక్యం నాకు సరిగా గుర్తు లేదు. దేవుడు క్షమించుగాక, మందిరంలో ఉన్నంతసేపూ పోశన్న పెద్దబాపునే తలచుకున్నాను.

పశువైద్యం చదవాలని చాలాకాలం ప్రార్థించి నిర్ణయించుకున్నదాన్ని నేను. కానీ నేను దరఖాస్తు పెట్టాలనుకున్న కళాశాలలు మార్కులతో సరిపెట్టుకోలేదు. పశువుల మధ్య మూడు వందల గంటలు పనిచేసి ఉండాలి, ఎవరి దగ్గర చేశామో వారు సంతకం చేసిన లేఖ జత చేయాలి అన్నాయి. అవి కరోనా రోజులు. అబుదాబిలో నేను అడిగిన జంతువుల ఆసుపత్రులేవీ బయటివాళ్ళను లోపలికి రానివ్వలేదు. మా నాన్న దాణా లారీ నడిపేవాడు. నా దిగులు చూసి, తాను దాణా వేసే ఒక ఇజ్బాకు నన్ను తీసుకెళ్ళాడు. ఇజ్బా అంటే ఇసుకలో కంచె వేసి పశువులను పెంచే చోటు. అక్కడ రెండు వందల మేకలకు పోశన్న ఒక్కడే కాపరి. జగిత్యాల వైపు పల్లె నుంచి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. యజమాని అరబ్బు, నాన్న అడిగితే, పోశన్నకు అభ్యంతరం లేకపోతే తనకూ లేదన్నాడట.

నేను మర్యాదగా అంకుల్ అని పిలిచాను. ఆయన చేతిలో చీపురు ఆపి నన్ను చూశాడు.

"గా అంకులేంది బిడ్డా, ఇంగ్లీషోని లెక్క. మీ నాయినకంటె పెద్దోన్ని. పెద్దబాపు అను."

ఆ చీపురే నాకిచ్చాడు. "డాక్టరమ్మా, ముందుగాల పెంటికెలు ఊడువు. రోగం ఆడ్నే తెలుస్తది."

మొదటి నెలంతా ఆ మేక పెంటికలే ఊడ్చాను. సండేస్కూలు పిల్లలకు నేను మంచి కాపరిని గురించి ఎన్నోసార్లు పాఠం చెప్పాను. గొర్రెలు అతని స్వరం ఎరుగుతాయని కంఠస్థం చేయించాను. ఇక్కడ నేను గొంతు పోయేలా పిలిచినా ఒక్క మేక తల ఎత్తేది కాదు. పెద్దబాపు నాలుకతో చిన్న చప్పుడు చేస్తే మంద మొత్తం కదిలేది. నాకు చెప్పడమే తెలుసు, ఆయనకు బతకడం తెలుసు అని సిగ్గుపడ్డాను.

ఆయనకొక పద్ధతి ఉండేది. రోజూ సాయంత్రం ముదీర్‌కు, అంటే యజమాని తరఫున ఇజ్బా చూసే మేనేజరుకు, హిందీలో ఫోన్ చేసేవాడు. ఆ రోజు చచ్చినవేవైనా ఉంటే ముందు అవి చెప్పేవాడు. అవతల ముదీర్ అరిచేవాడు. అరుపు అయ్యేదాకా ఆగి, అప్పుడు పుట్టినవి చెప్పేవాడు. మంచి కబురు ముందు చెబితే తిట్లు తగ్గుతాయి కదా అని ఒకసారి అడిగాను. తగ్గుతాయని ఒప్పుకున్నాడు, పద్ధతి మాత్రం మార్చుకోలేదు.

చలికాలం మేకల ఈతలు మొదలయ్యాయి. పెద్దబాపు పక్కన కూర్చుని ఎనిమిది ఈతలకు సాయం చేశాను. తొమ్మిదో రోజు పొద్దున ఒకేసారి రెండు మేకలు నొప్పులు పడ్డాయి. ఒకదానికి పిల్ల అడ్డం తిరిగింది, ఆయన దాని దగ్గర ఉండిపోయాడు. రెండోది తేలికగానే ఈనేలా ఉంది, దాన్ని నాకు అప్పగించాడు. పిల్ల తల బయటికి రాగానే మూతి మీది పొర తీసెయ్యి, నోరు తుడువు, ఇంకేమీ చేయకు అన్నాడు. నేనొక్కదాన్నే చూసుకోబోతున్న మొదటి ఈత. ముందు కాళ్ళు కనిపించాయి, ముక్కు కనిపించింది. మోకాళ్ళ మీద ఉన్నాను, చిన్నప్పటి నుంచి నేర్చిన ప్రకారమే కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. స్తోత్రాలతో మొదలుపెట్టి, ఒప్పుకోలు, విన్నపం అన్నీ వరసగా చెప్పుకున్నాను. ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి పిల్ల నేల మీద ఉంది. మూతి మీద పొర అలాగే ఉంది.

నేను అరిస్తే పెద్దబాపు పరుగున వచ్చాడు. పొర చీల్చి, వెనక కాళ్ళు పట్టుకుని ఊపాడు, గోనెపట్టాతో ఒళ్ళంతా రుద్దాడు. చాలాసేపటికి చేతులు ఆపాడు.

"ఖలాస్, బిడ్డా."

ఏం చేస్తున్నావని ఆయన అడగలేదు. నేనే ఏడుస్తూ చెప్పాను. తల్లి మేక పిల్లను నాకుతూనే ఉంది. ఆయన దాన్నే చూస్తూ అన్నాడు.

"మొక్కద్దంటలేను. నేను గూడ మొక్కుత. గని కండ్లు తెర్సుకొని మొక్కు. మీ దేవునికి ఆన్నుంచి అన్నీ కనవడ్తయి. ఈ మ్యాకకు ఈడ నువ్వొక్కదానివే ఉన్నవ్."

నాకు కోపం వచ్చింది. మల్లన్నకు మొక్కే మనిషి నా ప్రార్థనకు వంక పెడతాడా అనుకున్నాను. రెండు వారాలు ఇజ్బాకు వెళ్ళలేదు. ఆ రోజుల్లోనే, బైబిల్లో, యేసు పట్టుబడిన రాత్రి శిష్యులు నిద్రపోయిన తోటను గురించి చదువుతూ ఆగిపోయాను. మెలకువగా ఉండి ప్రార్థించమని ప్రభువు చెప్పిన మాట నాకు ఏడేళ్ళ వయసు నుంచి కంఠస్థం. ఆ మాటలో ప్రార్థన కంటే మెలకువ ముందు ఉందని అప్పుడే చూశాను. మరుసటి శనివారం లారీ ఎక్కాను. పెద్దబాపు చీపురు ఎక్కడుందో చూపించాడు.

గంటలు పూర్తయ్యాక ఇంగ్లీషులో లేఖ రాసుకుని వెళ్ళాను. ఒక్కో వాక్యం తెలుగులో చదివి వినిపించమన్నాడు. ఎనిమిది ఈతలకు సాయపడింది, అన్నీ క్షేమం అని చదివాను. కలం కింద పెట్టాడు.

"సచ్చింది రాసినవా?"

"అలా రాస్తే సీటు ఇవ్వరు పెద్దబాపూ. నాకు ఇదొక్కటే దారి."

"ఇయ్యకుంటె ఇయ్యకపోని. సచ్చినదాన్ని దాసిపెడితె, ఎనిమిది బతికినయని నేనెట్ల సెప్పాలె? ముందుగాల గదే రాయి."

మా సంఘంలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పేటప్పుడు ఓటమిని తొందరగా దాటి విజయం దగ్గర నిలబడతాం. నేను కూడా అలాగే నేర్చుకున్నాను. ఇంటికి వచ్చి మళ్ళీ రాశాను. ఈమె అప్రమత్తంగా లేనందువల్ల ఒక పిల్ల చనిపోయింది, అన్నది మొదటి వాక్యం. తీసుకెళ్ళి చదివి వినిపించాక ఆయన దాని కింద తెలుగులో, అక్షరం అక్షరం కూడబలుక్కుని సంతకం పెట్టాడు.

ఒక కళాశాల జవాబే ఇవ్వలేదు. రెండోది వీడియోలో ఇంటర్వ్యూ చేసి, ఆ మొదటి వాక్యం గురించే అరగంట అడిగింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. సీటు వచ్చింది. అప్పటికి పెద్దబాపు మోకాళ్ళ నొప్పులతో ఊరికి వెళ్ళిపోయాడు. ఫోన్ చేసి చెబితే, అక్కడ మేకలున్నాయా అని అడిగాడు. ఆవులే ఎక్కువన్నాను. పాపం అన్నాడు.

ఇప్పుడు మూడో సంవత్సరం చదువుతున్నాను. పోయిన నెల కళాశాల కొట్టంలో ఒక దూడ నా చేతుల్లో పోయింది. చేయవలసినవన్నీ చేశాను, ప్రార్థించాను, కళ్ళు తెరిచే ఉన్నాను. అయినా పోయింది. ఎందుకు తీసుకున్నావని దేవుణ్ణి అడగలేదు. ఆ మేకపిల్ల ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. ఈ దూడ ఊపిరి ఆగిన క్షణం నాకు తెలుసు.