వేడి లేని మిషన్

మా అక్క మందుల షాపులో బిల్లులు కొడుతుంది. పందొమ్మిదేళ్ళుగా అదే కౌంటరు, అదే కుర్చీ. వచ్చేవాళ్ళంతా ఆమెను బిల్లక్క అంటారు. డాక్టర్ల కోడిగీతలు చదవడంలో ఆ షాపు ఓనరు కూడా ఆమె ముందు దిగదుడుపే.

ఆ కుర్చీలో చేరడానికి కొన్నాళ్ళ ముందు, ఐదో నెలలో, ఆమె కడుపులోనే బిడ్డ పోయింది. మిగిలింది ఒక్క స్కానింగ్ బొమ్మ. అరచేతిలో పట్టేంత మెరుపు కాగితం మీద నుదురు, ముక్కు, మడిచిన మోకాళ్ళు. ఎవరైనా ఆ మాట ఎత్తితే బావ లేచి బయటికి వెళ్ళిపోతాడు. అక్క మాత్రం బతికున్న పిల్ల గురించి మాట్లాడినట్టే మాట్లాడుతుంది. ఒక వానాకాలం, "బీరువా చెమ్మగా ఉందిరా, దాన్ని నా దిండు కిందికి తెచ్చుకున్నాను" అంది. నేను టీ అడిగాను.

ఈ ఏడు ఆ బొమ్మ వెలిసిపోవడం మొదలైంది.

"చూడరా, వెళ్ళిపోతోంది. మొదట కాళ్ళు వెళ్ళాయి" అని చూపించింది. నిజమే, మోకాళ్ళున్న చోట తెల్లటి మరక తప్ప ఏమీ లేదు. వెంటనే నా ఫోన్‌తో ఫొటో తీశాను.

"ఇక ఎక్కడికీ పోదులే."

"అది నీ ఫోన్లో బొమ్మ. ఈ కాగితం ఆ రోజు ఆ గదిలో ఉందిరా. నీ ఫోను లేదు."

పోనీ లామినేషన్ చేయిద్దామంటే, జిరాక్స్ షాపువాడి చేతికి ఇవ్వనంటే ఇవ్వనంది. ఇంట్లో పెట్టుకునే లామినేషన్ మిషన్ కొని, తన చేత్తో తనే చేసుకుంటానంది. ఒక్క కాగితం కోసం మిషనా అన్న మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను.

నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి. మిషన్ల సంగతి నాకు ఇంకొకరు చెబితే ఒళ్ళు మండుతుంది. అలాంటివాణ్ణి వెంటబెట్టుకుని అక్క షాపులు తిరిగింది. కవర్ల మందం అడగదు, గ్యారంటీ అడగదు. ఎక్కడికెళ్ళినా ఒకటే ప్రశ్న: "ఎంత వేడెక్కుతుంది?"

"వేడెక్కకపోతే కవరు ఎలా అతుక్కుంటుందమ్మా?" అన్నాడు మొదటి షాపువాడు. రెండో షాపువాడు అదే మాట అని, నావైపు జాలిగా చూశాడు. రోడ్డు మీదికి రాగానే విసుక్కున్నాను.

"నీ చాదస్తంతో నన్ను చంపుతున్నావక్కా. కాలేది నీ చెయ్యా?"

"మా బిల్లు కాగితం మీద వేడి గ్లాసు పెడితే నల్లగా అయిపోతుందిరా. రోజూ చూస్తుంటాను."

మందుల బిల్లుకీ దీనికీ పోలికేమిటి అనుకున్నాను. ఇది ఫొటోలా మెరుస్తోంది, పైగా ఆసుపత్రివాళ్ళు ఇచ్చింది. ఆ మాట పైకి అనలేదు. అని ఉంటే అక్క విడమరిచి చెప్పేది.

మూడో షాపు పెద్దాయన మాత్రం తల ఊపాడు. "వేడి లేనిది ఉందమ్మా. చేత్తో పిడి తిప్పాలి. కవరుకే జిగురుంటుంది. తెప్పించడానికి రెండు వారాలు పడుతుంది."

అక్క మొహం విప్పారింది. "పందొమ్మిదేళ్ళు ఆగింది. రెండు వారాలు ఆగదా?"

ఆగుతుందని నాకు అనిపించలేదు. వారం తర్వాత చూస్తే ముక్కు కూడా పలచబడింది. ఆ నుదురు కూడా పోతే అక్క ఏమైపోతుందోనని భయం పట్టుకుంది నాకు. మర్నాడే రెండో షాపుకెళ్ళి వేడి మిషన్ కొనేశాను. ఆమె డ్యూటీలో ఉంది, ఇంటి తాళం నా దగ్గర ఒకటి ఉంటుంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి పని ముగించి చేతిలో పెడదామనుకున్నాను.

మిషన్ని భోజనాల బల్ల మీద పెట్టాను. ఎందుకైనా మంచిదని తక్కువ వేడి బటనే నొక్కాను. పచ్చ లైటు వెలిగింది. బొమ్మను కవర్లో సర్ది అందించాను. రోలర్లు మెల్లగా లోపలికి లాక్కున్నాయి.

అవతలి వైపు మొదట నుదురు బయటికి రావాలి. నలుపు వచ్చింది. నేను కవరు కొస పట్టుకుని వెనక్కి లాగాను, రాలేదు. స్విచ్ తీసేసే తెలివి కూడా లేకపోయింది. వెనకాల విడిపించే మీట ఒకటి ఉందని పెట్టె మీద చదివింది తర్వాత. ఎంతమందినో ఆగిపోయిన లిఫ్టుల్లోంచి బయటికి తీసిన చేతులు ఇవి. అలాగే నిలబడి, మొత్తం నల్లబడి వచ్చేదాకా చూశాను. కవరు మాత్రం ఒక్క ముడత లేకుండా అతుక్కుంది.

తలుపు తీసిన చప్పుడైంది. అక్క మిషన్ని చూసింది, నన్ను చూసింది. నేను ఏడుస్తున్నాను. ఆ నల్లబడిన కార్డు తీసుకుని కిటికీ దగ్గరికెళ్ళి, వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూసింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"ఎంతసేపు పట్టిందిరా?" అని అడిగింది.

"నిమిషం కూడా పట్టలేదక్కా."

"మొదటిసారి పోయినప్పుడూ అంతే" అంది.

నేను ప్లగ్ తీశాను. మిషన్ ఇంకా వేడిగానే ఉంది.