ఇంటిదాకా రాని ఆవిరి

అల్ ఖర్జ్ దాటి రియాద్ విమానాశ్రయానికి పోతుండగా కారులో మామిడిపండు వాసన వచ్చింది. ఈ ఇసుకలో మామిడి ఎక్కడిదని పక్కకు చూశాను. నాతోపాటు వెనక సీట్లో కూర్చున్న మనిషి పిడికిట్లో ఏదో దాచుకుని, అద్దం సందులోంచి తెల్లటి ఆవిరి వదులుతున్నాడు.

"సిగరెట్ గాదు సారూ, వేప్. బ్యాటరీ మీద నడుస్తది," అన్నాడు, నేను అడగకముందే.

పేరు సదానందం. మెట్‌పల్లి దగ్గరి పల్లె. ఇక్కడి డెయిరీలో పాల పైపుల మరమ్మతు పని. గడ్డి మొలవని నేల మీద మందలకు మందలు ఆవుల్ని నిలబెట్టి పాలు పిండుతున్నారిక్కడ. ఆ షెడ్లు చూస్తే, మనిషి పట్టుబట్టాలే గాని మార్చలేనిది లేదనిపిస్తుంది. తర్వాత మనిషిని చూస్తే అనుమానం మొదలవుతుంది.

చిన్నప్పుడు తల్లి చుట్టిన బీడీలు చాటలోంచి దొంగిలించి పొగ నేర్చాడు. ఇక్కడికొచ్చాక సిగరెట్లు. పైపుల కింద పడుకుని పని చేస్తుంటే దగ్గు ఆగేది కాదు. ఉత్తచేతులతో మానలేక ఈ వేప్ పట్టాడు. సిగరెట్ పోయింది, దగ్గు తగ్గింది. దీన్ని కూడా మెల్లగా తగ్గించి వదిలెయ్యమని క్లినిక్ డాక్టర్ చెప్పాడట. ఆ మాట మాత్రం ఇతని చెవికెక్కలేదు.

"సిగరెట్ అయితే కొసకు వేలు కాలుతది, పారేస్తం. ఇది కాలదు. ఎప్పుడు ఆపాల్నో తెల్వది."

ఇప్పుడు రెండు నెలల సెలవు మీద ఇంటికి. మన దేశంలో వేప్ నిషేధం.

"సాక్సులో పెట్టుకొని పోతాడంట సార్," అన్నాడు కారు నడుపుతున్న ఫయాజ్. కడప మనిషి. "ఆడ పట్టుకున్నారనుకో, వదినె వచ్చి ఇడిపించుకోవాల."

"నువ్వు బండి నడుపు తమ్మీ."

సదానందం భయం పోలీసులది కాదు. భార్య సరళ బీడీలు చుడుతుంది. ఇల్లంతా తునికాకు, తంబాకు. వేప్ లేకుండా ఆ ఇంట్లో అడుగుపెడితే మొదటి సాయంత్రమే చాటలో చెయ్యి పెడతానని అతనికి తెలుసు. సరళకేమో, మొత్తం మానేశానని చెప్పి ఉన్నాడు.

ఎప్పుడో ఓడలెక్కి వచ్చిన ఆకు ఈ పొగాకు. చుట్టయింది, బీడీ అయింది, ముక్కుపొడి అయింది, ఇప్పుడు మామిడిపండు వేషం కట్టింది. ఈ కొత్త వేషాన్ని మనవాళ్లు గుమ్మంలోనే ఆపేశారు. పాత వేషాలకు నట్టింట్లో పీట.

"ఆమెకు చెప్పొచ్చుగా," అన్నాను.

 రెండో చేత్తో ఫోన్ తీసి, భార్యకు కలిపి స్పీకర్ పెట్టాడు.

"సరళా, నేను మొత్తం మానలే. మిషిని తాగుతున్న. అది అక్కడికి తేరాదు."

అవతల ఆకు కోసే కత్తెర చప్పుడు ఆగింది.

"ఊరంత చెప్పుకున్న గద నేను."

"రెండు నెల్లు ఆ చాట మీ అక్కింట్ల పెట్టరాదు?"

"నా పని నేనెందుకు ఇడిసిపెడ్త? నువ్వొచ్చి నా పక్కన కూసొని ఆకు కత్తిరించు. చేతులు ఖాళీగుండయి."

"చాట ముంగట్నే కూసోమంటవా?"

"నా ముంగట కూసో. ఎట్ల తీస్తవో నేను సూస్త."

కత్తెర మళ్లీ మొదలైంది. సదానందం ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత దారంతా వేప్ నోట్లో పెట్టలేదు. పిడికిలి మాత్రం విప్పలేదు.

విమానాశ్రయం దగ్గర సామాను దించుకున్నాక దాన్ని ఫయాజ్ చేతిలో పెట్టాడు.

"నాకెందుకన్నా ఇది?"

"పారెయ్యి. నేనైతే పారెయ్య."

ఫయాజ్ దాన్ని ఎడమచేతిలోకి మార్చుకుని, సెలవు చెప్పడానికి కుడిచెయ్యి చాపాడు. సదానందం చూపు ఎడమచేతి మీదే ఉంది. పెట్టె పిడి పట్టుకుని గిరుక్కున తిరిగాడు. ఫయాజ్ చాపిన చెయ్యి అందుకోకుండా, వెనక్కి చూడకుండా, గబగబా లోపలికి వెళ్లిపోయాడు.