తాతయ్య తీసేసిన చింతగింజలు

నా చిన్నప్పుడు మా తాతయ్య నడుము ఎలా పట్టేసిందన్నది మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ. పిల్లల ముందు గొప్పకు పోయి, వయసు మరిచి సూర్య నమస్కారాలు చేశాడని చెప్పుకుని నవ్వుతారు. మొన్న మా చెల్లి కూతురి పెళ్లిలోనూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ కథలో నేను లేను. ఉండాలి.

అప్పుడు మేము జహీరాబాద్‌లో, బొంబాయి లారీల మోత వినిపించే గల్లీలో ఉండేవాళ్లం. తాతయ్య రోజూ పొద్దున్నే మిద్దె మీద నమస్కారాలు చేసేవాడు. ధ్యాస ఊపిరి మీదే ఉండాలని నోటితో లెక్కపెట్టేవాడు కాదు. ఒక్కో నమస్కారానికి ఒక్కో చింతగింజ ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి మార్చేవాడు. గిన్నె ఖాళీ అయితే ఆపేవాడు. ఆయనకు యాభై ఏళ్లప్పుడు యాభై గింజలుండేవట. తర్వాత ఏటా రెండు తీసేస్తూ వచ్చాడు. తీసేసినకొద్దీ, చివర్లో కళ్లు మూసుకుని మెల్లగా ఊపిరి పీలుస్తూ కూర్చునే సమయం పెంచాడు. నాకు తొమ్మిదేళ్లు వచ్చేసరికి పన్నెండు గింజలే మిగిలాయి.

మా తాత యాభై చేస్తాడని నేను బడిలో కోతలు కోసి ఉన్నాను. ఒకరోజు పక్కింటి పిల్లవాడు గోడ మీంచి చూసి, "ఏందిరా, మీ తాత పన్నెండుకే ఖతమా?" అన్నాడు. ఆ మాట పడలేకపోయాను. ఆదివారం దోస్తులందర్నీ మిద్దె మీదికి పిలిచి, తాతయ్య రాకముందే గిన్నెలో గుప్పెడు గింజలు కలిపాను.

కాసేపటికి ఆయన చేతులు వణకడం చూశాను. ఆపమనలేదు. దోస్తులు నోరు తెరుచుకుని చూస్తున్నారు, నాకు అదే కావాలి. గిన్నెలో ఇంకా నాలుగు గింజలుండగా వంగినవాడు మళ్లీ లేవలేకపోయాడు.

నాయనమ్మ ఇసుక మూటతో కాపడం పెడుతూ రెండు నెలలు తిట్టింది. ఆయన నా ఊసెత్తలేదు. ఒక మధ్యాహ్నం మాత్రం నన్ను మంచం మీద కూర్చోబెట్టుకుని, ఎవరూ వినకుండా అన్నాడు.

"గింజలు ఎన్ని మార్చినా ఒడుస్తలేవంటేనే నాకు సమజయింది బిడ్డా. ఇంకా ఉన్నయి గదా, చేద్దామని నాకు గూడ ఆశ పుట్టింది. నీ ఒక్కనిదే కాదు తప్పు. నేను ఏటా గింజలు తీసేది రేపు గూడ చేసుకుందామని."

ఆయన మొత్తం మానేయలేదు. గోడ పట్టుకుని ఒక్క గింజతో మళ్లీ మొదలుపెట్టి, మూడు దాకా వచ్చి ఆగాడు. కింద కూర్చుని తినడం మాత్రం మళ్లీ ఆయన వల్ల కాలేదు. అందరం చాప మీద వరసగా కూర్చుంటే ఆయన ఒక్కడూ కుర్చీలో, పళ్లెం ఒళ్లో పెట్టుకుని తినేవాడు. నేను తల వంచుకుని తినేవాణ్ణి.

మా చెల్లి ఇది చదువుతుందనే రాస్తున్నాను. గొప్పకు పోయింది తాతయ్య కాదు, నేను.

ఇప్పుడు నాకు యాభై రెండు. నా గిన్నెలో పదహారు గింజలున్నాయి, పోయిన ఏడు పద్దెనిమిది. మొదలుపెట్టే ముందు వేలితో కదిపి లెక్కపెట్టుకుంటాను, ఎవరైనా కలిపారేమోనన్నట్టు. ఒళ్లు హుషారుగా ఉన్న పొద్దున, ఇంకో రెండు వేద్దామని నా చెయ్యే తీసేసిన గింజల డబ్బా వైపు పోతుంది. ఆ కుర్చీ గుర్తొచ్చి వెనక్కి తీసుకుంటాను.