బల్ల కింద పెదనాన్న

ఆ రోజుల్లో మా వరంగల్లో భక్తికి కొలత ఉపవాసమే. ఎవరెక్కువ రోజులు కడుపు మాడ్చుకుంటే వారే పెద్ద భక్తులు. ఈస్టరు ముందరి నలభై రోజులూ మా పెదనాన్న ఇంట్లో మాంసం ఊసే ఉండేది కాదు (పి.యు.సి. చదువు కోసం నేనూ అక్కడే ఉండేదాన్ని). ఆ యేడు ఇంట్లో ఒక బ్రదర్, ఊరూరా తిరిగి వాక్యం చెప్పే బోధకుడు, దిగాడు. పగలంతా మంచినీళ్లు కూడా ముట్టనంటాడు, కళ్లు మూసుకుని నిట్టూరుస్తాడు, బుగ్గలు మాత్రం నిగనిగలాడుతుంటాయి. మేం చాటుగా నవ్వుకుని ఊరుకునేవాళ్లమే. కానీ పెదనాన్న కూతురికి, అంటే మా అక్కకు, నర్సు ట్రైనింగులో సీటు రాగానే బ్రదర్ "నాకు దర్శనమైంది, బిడ్డను పంపొద్దు" అన్నాడు. పెదనాన్న ఫారం మీద సంతకం పెట్టకుండానే కలం మూసేశాడు. గడువు రెండు రోజులే. అక్క ఏడుపు చూడలేకపోయాను.

కాలేజీలో మా ఇంగ్లీషు మేడం ఒక పాత ఫ్రెంచి నాటకం కథ చెప్పింది. దొంగ భక్తుణ్ణి పట్టివ్వడానికి ఇల్లాలు మొగుణ్ణి బల్ల కింద దాస్తుందట. ఫ్రాన్సులో పనిచేసింది వరంగల్లో చేయదా అనుకున్నాను. పెద్దమ్మ వెంటనే ఒప్పుకుంది. పెదనాన్న మాత్రం "నా బ్రదర్ నిప్పు. మీరే ముక్కు నేలకు రాస్తరు సూడుండ్రి" అని పంతం కొద్దీ బల్ల కింద దూరాడు. బల్లమీద దుప్పటి పరిచి నేలదాకా దించాం. ఆయన తొర్రూరు బస్సెక్కాడని బ్రదర్‌కు చెప్పి, బల్లమీద తలకాయ కూర, జొన్నరొట్టెలు పెట్టాం.

"అయ్యో, నా ఉపవాసం!" అంటూనే బ్రదర్ కుర్చీ లాక్కున్నాడు. "జర రుచి చూస్త, అంతే. ఎవ్వలకు చెప్పకుండ్రి." రుచి నాలుగు రొట్టెల దాకా సాగింది. నమిలిన ఎముకలు, మా మాటలో బొక్కలు, పిల్లికని బల్ల కిందికి విసరసాగాడు. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను, దుప్పటి కదలదే! (ఆకలి ఎవరికైనా ఆకలే అని సర్దుకున్నాడట మా పెదనాన్న మహానుభావుడు, ఒళ్లో బొక్కలు పెట్టుకుని.) పెద్దమ్మ ఇంకో గరిటె వడ్డిస్తూ, "మా బిడ్డ సంగతి దర్శనంల నిజంగనే చూసిండ్రా బ్రదర్?" అంది. ఆయన పకపకా నవ్వాడు. "ఏం దర్శనమమ్మా! బిడ్డ పోతె నా బట్టలెవ్వలు ఉతుకుతరు? మీ ఆయనకు దర్శనమంటె సాలు, గోడకు గూడ దండం పెడ్తడు."

బల్ల లేచింది. కూర గిన్నె తెల్లలాల్చీ మీద బోర్లా పడింది. "ఇగో, నీ బొక్కలు!" అని పెదనాన్న గుప్పిలి చాచాడు. "ఇప్పుడే నాకు గూడ దర్శనమైంది. నువ్వు సంచి పట్టుకొని స్టేషన్‌కు పోతానవ్!"

ఆ చేత్తోనే, కూర మరకతోనే ఫారం మీద సంతకం పెట్టాడు. అక్క నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. నేనూ ఆగలేక, "ఉప్పు, కారం అంత బాగ కుదిరినయ్ గాబట్టే పడ్డడు పెదనాయ్నా!" అన్నాను.

ఆయన నేలమీది బొక్కలు ఏరుతూ తలెత్తాడు. "నువ్వు గూడ ఉపవాసమే గద బిడ్డా, నీకెట్ల తెల్సె?"

ఇప్పుడు పెదనాన్న లేడు. ఉపవాసంలో నోరూరినప్పుడల్లా, మూతి తుడుచుకోవడం కూడా మరచి గెలిచానని నిలబడ్డ ఆ పిల్ల కళ్లముందుకొస్తుంది. దాన్ని చూసి నవ్వుకుంటాను, దానిమీద బెంగ కూడా పెట్టుకుంటాను.