మధ్యలో తెగని పాఠం

మా బాబాయి ఇంగ్లీషు ట్యూషన్ చెప్పేవాడు. ముందుగదిలో బల్ల, రెండు బెంచీలు, ఆయన ఎడమ మణికట్టుకి ఒక నూలుదారం. దారం రెండో కొస లోపలిగదిలో, మంచంలో ఉన్న పిన్ని ఎడమచేతి బొటనవేలికి. పక్షవాతం వచ్చి ఏడేళ్ళు. మాట పడిపోయింది, ఎడమచెయ్యి ఒక్కటే కదిలేది. దాహమేసినా, ఒత్తిగిలాలన్నా దారం లాగేది. ఈయన సుద్దముక్క పారేసి పరుగు. పిల్లలు ‘దారం మాస్టారు’ అనేవాళ్ళు, వెధవలు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

సెలవురోజుల్లో నేను సాయానికి వెళ్ళేదాన్ని. ఒక శనివారం నా దగ్గర వాపోయాడు.

“గంటకి పదిసార్లమ్మా! ఒక్క పాఠం మధ్యలో తెగకుండా చెప్పాలనుంది. ఇంకేమీ అక్కర్లేదు.”

నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. పిన్నికి అన్నం తినిపిస్తూ అనేశాను.

“అయినదానికీ కానిదానికీ లాగుతావేం పిన్నీ? ఆయన్ని ఒక్క గంటైనా ఊపిరి తీసుకోనియ్యవా?”

ఆమె ముద్ద మింగి, నన్ను చూసి, కళ్ళు మూసుకుంది.

మర్నాడు పొద్దున పాఠం ‘ఫ్రీ యాజ్ ఎ బర్డ్’. వంటింట్లో కూరలు తరుగుతూ విన్నాను.

“ఏ బాదరబందీ లేకుండా తన ఇష్టమొచ్చినట్టు ఉండగలిగే మనిషిని అలా అంటారు. పరీక్షలైపోయాక మిమ్మల్ని అనొచ్చు, రిటైరయ్యాక మీ తాతయ్యని అనొచ్చు. దిక్కూమొక్కూ లేనివాణ్ణి మాత్రం అనకండి, ఎగతాళి చేసినట్టుంటుంది.”

“మరి మీరు ఫ్రీయేనా మాస్టారూ?” ఒకమ్మాయి అడిగింది.

బాబాయి పెద్దగా నవ్వాడు. “ఇవాళ అవునే! గంటన్నరైంది, ఒక్క పిలుపు లేదు. రాసుకోండి, టుడే ఐ యామ్ యాజ్ ఫ్రీ యాజ్ ఎ బర్డ్!”

ఆ గొంతులో అంత హుషారు ఏడేళ్ళలో వినలేదు. నా మాట పనిచేసిందని నాకూ సంతోషమేసింది.

పాఠమయ్యాక లోపలికి వెళ్ళిన మనిషి కేక పెట్టాడు. పిన్ని తల మంచం అంచు మీంచి వేలాడుతోంది. ఒళ్ళు చల్లబడిపోయింది. మళ్ళీ నరం చిట్లిందని, వెంటనే చూసుకుని ఉంటే బతికేదేమోనని డాక్టరు అన్నాడు. దారం కొస దిండు కింద నాకు దొరికింది. ముడి విడలేదు. వేలు మీంచి పళ్ళతో లాగేసినట్టు నలిగిపోయి, గాట్లు పడి ఉంది.

ఏడాదైంది. నన్ను చూసినప్పుడల్లా బాబాయి ఏడుస్తాడు.

“ముడి నేనే వదులుగా వేశానమ్మా, జారిపోయింది. పాపిష్ఠివాణ్ణి, పక్కగదిలో అది పోతుంటే నేను హాయిగా ఉన్నాను.”

“ఊరుకో బాబాయ్” అంటాను. వీపు నిమురుతాను. ముడి గట్టిదేనని చెప్పే ధైర్యం నాకు లేదు.